మొదటి గేమింగ్ పీసీకి సామాన్లు ఎంచుకోవడం: గోదావరి డెల్టా ఇళ్లకు సరిపడే లెక్క

పాలకొల్లు నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. ఏదో వీడియో చూసి రాసుకున్నది. ప్రాసెసర్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఉంది, రంగులు మారే ఫ్యాన్లు ఆరున్నాయి. గోడ కరెంటుని మార్చి పీసీ భాగాలకి పంచే ఎస్‌ఎంపీఎస్ దగ్గర "ఏదైనా పర్లేదు" అని రాశాడు. యూపీఎస్ ఊసే లేదు. ఫోన్ చేసి "ఏరా, మీ వీధిలో రాత్రి తొమ్మిదింటికి వోల్టేజ్ ఎంతుంటుందో ఎప్పుడైనా చూశావా?" అంటే, "పీసీకీ దానికీ ఏంటి మావయ్యా సంబంధం?" అన్నాడు.

సంబంధం చాలానే ఉంది. అలాంటి జాబితాలు కరెంటు నిలకడగా ఉండే ఊళ్ల కోసం తయారవుతాయి. మన దగ్గర చీకటి పడితే రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగి వోల్టేజ్ పడిపోతుంది, గాలివాన వస్తే కొబ్బరి మట్ట తీగ మీద పడుతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి. జాబితాని కింద నుంచి పైకి చదవాలని, అంటే ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్‌లని చివరికి వదిలేయకూడదని వాడికి చెప్పాను. ఆ చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నా.

మొదటి అడుగు: ఏ ఆట, ఏ స్క్రీన్

పార్టుల పేర్లు వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద మీరు నిజంగా ఆడబోయే ఆటలు రాయండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ఒక రకం. వీటికి బొమ్మ అందం కన్నా సెకనుకి ఎక్కువ ఫ్రేములు రావడం ముఖ్యం, అందుకని ప్రాసెసర్ గట్టిగా ఉండాలి. రెడ్ డెడ్ రిడంప్షన్ 2, సైబర్‌పంక్ 2077 లాంటివి ఇంకో రకం. వీటి బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. "జీటీఏ 6 కోసం కొంటున్నా" అనే కుర్రాళ్లకు ఒక మాట: దాన్ని ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకి. పీసీకి ప్రకటించని ఆట కోసం ఈరోజు డబ్బు తగలెయ్యకండి.

తర్వాత స్క్రీన్. మొదటి పీసీకి 24 అంగుళాలు, 1080పీ (1920×1080 పిక్సెళ్లు), ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని రకం), 100 హెర్ట్జ్ (సెకనుకి వంద సార్లు బొమ్మ మార్చేది) లేదా ఆ పైన. అంతే. 1440పీ మానిటర్ కొంటే అది నింపాల్సిన పిక్సెళ్లు సుమారు ముప్పావు వంతు పెరుగుతాయి, దానికి తగ్గ కార్డు కొనాలి, ఆ కార్డుకి తగ్గ ఎస్‌ఎంపీఎస్ కొనాలి. గొలుసులా లాక్కుపోతుంది. ఇంట్లో పాత 60 హెర్ట్జ్ మానిటర్ ఉంటే మొదటి ఏడాది దాంతోనే గడిపేసి ఆ డబ్బు కార్డులో పెట్టినా తప్పులేదు.

రెండో అడుగు: డబ్బు పంపకం

ధరలు వారం వారం మారతాయి కాబట్టి నేను వందకి ఇంతని లెక్క వేసుకుంటా. మొత్తం బడ్జెట్‌లో ప్రతి వంద రూపాయలకీ ముప్పై గ్రాఫిక్స్ కార్డుకి, ఇరవై నాలుగు ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి, పదహారు ర్యామ్‌కీ ఆటలు దాచుకునే ఎస్‌ఎస్‌డీకీ, పన్నెండు మానిటర్‌కి, ఏడు ఎస్‌ఎంపీఎస్‌కి, ఏడు యూపీఎస్‌కి, నాలుగు క్యాబినెట్‌కి. అంటే రూ.70,000 చేతిలో ఉంటే కార్డుకి రూ.21,000 దాకా, ఎస్‌ఎంపీఎస్‌కీ యూపీఎస్‌కీ కలిపి రూ.10,000 దగ్గర. ఆ పదివేలు చూసి చాలామంది గుండె పట్టుకుంటారు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది వాళ్ల వ్యవహారం.

కీబోర్డు, మౌస్, హెడ్‌ఫోన్ ఇందులో లేవు. వాటికి విడిగా ఓ రెండు మూడు వేలు పక్కన పెట్టుకోండి. దాళ్వా (రెండో వరి పంట) డబ్బులు చేతికొచ్చాక కొందామనుకునే ఇళ్లలో అయితే ఈ పంపకం ముందే నాన్నగారికి చూపించేయడం మంచిది. మధ్యలో "ఇంకో ఐదు వేలు" అని అడిగితే ఏం జరుగుతుందో నాకు తెలుసు.

మూడో అడుగు: గ్రాఫిక్స్ కార్డు

1080పీకి ఇప్పుడు 8 జీబీ మెమరీ కనీసం అనుకోండి. 4 జీబీ కార్డులు చవగ్గా కనపడతాయి, కొత్త ఆటల్లో ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోతూ ఉంటుంది. 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600 నాకు ఇప్పటికీ ఇష్టమైన బడ్జెట్ కార్డు. 8 జీబీ మెమరీ, కరెంటు వాడకం 132 వాట్లే. అంత తక్కువ తాగే కార్డుకి యూపీఎస్ కూడా చిన్నదే సరిపోతుంది, వేడీ తక్కువే. మన ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. అది దొరక్కపోతే ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5050, ఈ మూడింటిలో ఆరోజు ఏది తక్కువకి వస్తే అది చూడండి. 4060 వాడేది 115 వాట్లే.

పేర్ల దగ్గర మోసపోకండి. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండు కార్డులున్నాయి. 8 జీబీది ఒకటి, 6 జీబీది ఇంకొకటి. తేడా మెమరీలోనే కాదు, 6 జీబీదాని లోపలి చిప్పు కూడా తక్కువదే. కాకపోతే అది 70 వాట్లతో, విడిగా పవర్ వైరు లేకుండా నడుస్తుంది కాబట్టి పాత ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకోడానికి పనికొస్తుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి వెళ్లకండి. 4 జీబీ మెమరీ ఒక లోటైతే, మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే ఉండటం ఇంకో లోటు, పాత బోర్డు మీద ఇంకా నీరసిస్తుంది. "2 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఫ్రీ" అంటూ జీటీ 710, జీటీ 730 అంటగడితే వద్దని చెప్పేయండి. అవి స్క్రీన్ మీద బొమ్మ రావడానికి పనికొస్తాయి, ఆటకి కాదు.

సెకండ్ హ్యాండ్ సంగతి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం (మైనింగ్) ఆగిపోయింది. ఆ తర్వాత రాత్రీ పగలూ నడిచిన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. మైనింగ్ కార్డంటే చెడ్డదే అని కాదు. మన వైపు నేను ముందు చూసేది వేరు: కార్డు వెనక, వైర్లు గుచ్చే చోట ఉండే రేకు, దాని మరలు. వాటి మీద తుప్పు చుక్కలుంటే ఆ కార్డు ఉప్పుగాలి తిన్నదని అర్థం. లోపల టంకాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి. రేకు బాగుంటే అప్పుడు మీ కళ్ల ముందే అరగంట ఏదైనా బరువైన ఆట నడిపించమనండి, జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరు సరిచూడండి. పాత కార్డుకి కొత్త పేరు ఎక్కించి అమ్మే వాళ్లు ఉన్నారు.

నాలుగో అడుగు: ప్రాసెసర్, దానికి తగ్గ బోర్డు

"అన్నా, ఐ7 అండి, పదిహేను వేలకి ఇచ్చేస్తా" అనే మాట వినగానే ఆ తర్వాతి అంకెలు అడగండి. ఐ7-2600 వచ్చింది 2011లో, ఐ7-3770 వచ్చింది 2012లో. నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ వాటిని సునాయాసంగా దాటేస్తుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా తీసుకునేది ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉండాలి. పాత ఐ7 ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

కొత్తగా కొనేవాళ్లకి బడ్జెట్‌లో రెండు దారులు చెబుతా. ఇంటెల్ వైపు ఐ3-12100ఎఫ్, ఇంకాస్త పెట్టగలిగితే ఆరు కోర్ల ఐ5-12400ఎఫ్, కింద హెచ్610 బోర్డు. ఏఎండీ వైపు రైజెన్ 5 5600, కింద బీ450 లేదా బీ550 బోర్డు. రైజెన్ 7600 లాంటివి ఏఎం5 సాకెట్‌వి (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ దిగే చోటు). నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చన్నది వాటి గొప్ప. కానీ వాటికి డీడీఆర్5 ర్యామే కావాలి, మొత్తం ఖర్చు పెరుగుతుంది. చేతిలో ఉన్నది తక్కువైతే 5600 దిగే పాత సాకెట్ ఏఎం4తో ఆడేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

చివరి అక్షరం చూడండి. ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. రైజెన్ 5600లోనూ లేదు. కార్డు చెడిపోయి వారంటీకి పోతే ఆ నెల రోజులూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఏఎండీలో జీ అంటే గ్రాఫిక్స్ ఉన్నది. డబ్బు మరీ తక్కువైతే ఇప్పుడు 5600జీ తీసుకుని, వాలరెంట్ లాంటివి దాంతోనే ఆడుకుంటూ, కార్డు వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. మా మేనల్లుడి స్నేహితుడొకడు అలాగే చేశాడు, వాడికి తొందర లేదు కాబట్టి సరిపోయింది.

బోర్డు దగ్గర రెండు విషయాలు అడిగితే చాలు. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకొకదాంట్లో దిగదు. బీ450 అయితే "రైజెన్ 5000కి బయాస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉందా?" అని అడగండి. లేకపోతే కొత్త ప్రాసెసర్ పెట్టినా బోర్డు మేల్కోదు. వైఫై ఉన్న బోర్డు కోసం ఎక్కువ పెట్టకండి. రూటర్ నుంచి లాన్ వైరు లాగితే పింగ్ (ఆట సర్వర్‌కి సంకేతం వెళ్లి వచ్చే సమయం) నిలకడగా ఉంటుంది, వైరు ఖర్చు వందల్లోనే.

ఐదో అడుగు: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

ర్యామ్ 16 జీబీ, అదీ ఒకే కర్రగా కాదు, 8 జీబీవి రెండు. రెండు కర్రలు జంటగా పనిచేస్తే వేగం పెరుగుతుంది, 5600జీ లాంటి వాటికైతే అది ప్రాణం. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగిశాయి, ఏఐ సర్వర్లు మెమరీని మింగేస్తుండటమే దానికి పెద్ద కారణం. అందుకని ర్యామ్ విషయంలో సెకండ్ హ్యాండ్‌కి నేను అభ్యంతరం చెప్పను. కదిలే భాగం లేనిది, బాగుందో లేదో మెమ్‌టెస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో తేలిపోతుంది. ప్రాసెసర్ కూడా అంతే. ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్ మాత్రం వాడినవి ఎప్పుడూ కొనొద్దు.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకం (నేరుగా బోర్డు మీదే బిగించే వేగమైనది) తీసుకోండి. 500 జీబీతో మొదలుపెట్టొచ్చు, కానీ రెడ్ డెడ్ రిడంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది. వీలైతే 1 టీబీ.

ఆరో అడుగు: ఎస్‌ఎంపీఎస్

నా మొదటి పీసీ మా దగ్గరి పట్నంలో ఒక కొట్లో అసెంబుల్ చేయించుకున్నా. క్యాబినెట్‌తో పాటు "500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ" అన్నారు. ఎనిమిది నెలలకి, ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన క్షణంలో, టపాసులా పేలింది. బోర్డునీ తీసుకుపోయింది. కొట్టుకి వెళ్తే "కరెంటు వల్ల పోయిందండి, మేమేం చేస్తాం" అన్నారు. అప్పుడు విప్పి, పక్కనున్న స్టిక్కర్ మొదటిసారి చదివా.

ఆ స్టిక్కర్ చదవడం నేర్చుకుంటే చాలు. 12 వోల్టుల గడి చూడండి, దాని కింద ఎన్ని యాంపులు ఉన్నాయో చూడండి, రెండూ గుణించండి. పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ 12 వోల్టుల మీదే. నాదాని మీద 18 యాంపులని ఉంది. 12 పద్దెనిమిదిలు 216. పేరుకి 500, పనికి 216 వాట్లు! అదే మంచి 450 వాట్లదైతే 36 యాంపుల దగ్గర, అంటే 432 వాట్లు ఉంటుంది.

రెండోది ఇన్‌పుట్ గడి. కొన్నిటి మీద 200–240 వోల్టులని ఉంటుంది, మంచివాటి మీద 100–240 అని ఉంటుంది. ఈ రెండో రకం రాత్రిపూట వోల్టేజ్ 170కి పడిపోయినా తడబడకుండా నడుస్తుంది. లేబుల్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ అని ఉంటే సాధారణంగా ఈ రకమే. మన ఊళ్లకి ఇదే కావాలి.

80 ప్లస్ బ్రాంజ్ అని ఉంటే మంచిదే, అయితే అది ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తు మాత్రమే. పేలదని హామీ కాదు. పేరున్న కంపెనీది, కనీసం ఐదేళ్ల వారంటీ ఉన్నది చూసుకోండి. ఆర్‌ఎక్స్ 6600, రైజెన్ 5600 జంటకి 450 వాట్లు సరిపోతుంది. రేపు పెద్ద కార్డు పెట్టే ఆలోచన ఉంటే 550. అంతకన్నా పెద్దది ఇప్పుడక్కర్లేదు.

ఏడో అడుగు: యూపీఎస్, ఎర్తింగ్

ఈ జంట ఆట మధ్యలో మానిటర్‌తో కలిపి సుమారు 280 వాట్ల దాకా లాగుతుందనుకోండి. కొట్టుల్లో మామూలుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. కొత్తలో సరిపోతుంది. ఏడాదిన్నరకి బ్యాటరీ నీరసపడ్డాక కరెంటు పోగానే అదీ పోతుంది. 600 వాట్లు మోసే 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. యూపీఎస్ ఉన్నది ఆట కొనసాగించడానికి కాదు, ఐదు నిమిషాల్లో సేవ్ చేసి ఆపుకోడానికి. బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాలి, ఎండ తగిలే చోట పెడితే ఇంకా ముందే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటుకే పీసీ రీస్టార్ట్ అయిపోవచ్చు.

ఎర్తింగ్ గురించి ఎవరూ చెప్పరు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎంతమంది అన్నారో. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటుని శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని ఎర్త్ వైరులోకి వదులుతాయి. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే ఉండిపోతుంది. మీటర్ పెడితే మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర చూపిస్తుంది. కరెంటు తక్కువే అయినా అది మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పీసీ పెట్టే సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. మొదటిది 230 దగ్గర ఉండాలి, రెండోది రెండు మూడు వోల్టులు దాటకూడదు. త్రీ పిన్‌కి టూ పిన్ తొడుగు పెట్టి నడపడం మాత్రం వద్దేవద్దు.

ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయండి, రూటర్ నుంచి వచ్చే లాన్ వైరు కూడా. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు వచ్చిన వెంటనే స్విచ్ వెయ్యకండి. లైన్ నిలకడపడే దాకా ఓ అరగంట ఆగండి.

ఎనిమిదో అడుగు: క్యాబినెట్

ముందు వైపు జాలీ ఉండాలి, అద్దం కాదు. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. దుమ్ము వడపోత జాలీ తీసి కడుక్కునేలా ఉండాలి, రైస్ మిల్లు దగ్గరి ఇళ్లలో పదిహేను రోజులకోసారి కడగాలి. ఖాళీ స్లాట్లకి రేకులు మూసే ఉంచండి, బల్లి దూరి ఎస్‌ఎంపీఎస్‌లో పడి కాలిపోయిన పీసీ నేను చూశా. వరద నీరు వచ్చే లంక ఊళ్లలో అయితే నేల మీద కాదు, బల్ల మీద పెట్టండి. ముసురు రోజుల్లో వారాలకొద్దీ ఆపి ఉంచకుండా మధ్యమధ్యలో కాసేపు నడిపితే లోపల చెమ్మ చేరదు.

తొమ్మిదో అడుగు: కొనడం, బిగించడం

ఆన్‌లైన్ ధర, రాజమండ్రి లేదా విజయవాడ కొట్టు ధర, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ధర, మూడూ ఒకే రోజు అడిగి రాసుకోండి. తేడా ఐదారు వందలే అయితే దగ్గరి కొట్టులోనే కొనండి, పాడైతే పట్టుకెళ్లడానికి. జీఎస్టీ బిల్లు లేకుండా "ఇంకో వెయ్యి తగ్గిస్తా" అంటే ఒప్పుకోకండి, ఆ బిల్లే మీ వారంటీ. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పార్సిల్ విప్పేటప్పుడు సీలు నుంచి పార్టు దాకా ఆపకుండా వీడియో తీయండి.

బిగింపు మీరే చేసుకోవచ్చు, ఒక ఆదివారం పని. ఏఎం4 ప్రాసెసర్ అడుగున పిన్నులుంటాయి, త్రికోణం గుర్తు కలిపి వదిలితే దానంతటదే దిగాలి, నొక్కకూడదు. ఇంటెల్ 12వ తరంలో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, అక్కడ వేలు తగలకూడదు. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. చెమట చేతులు తుడుచుకుంటూ ఉండండి, ఫ్యాన్ కింద కూర్చుని చేయండి.

మొదటిసారి ఆన్ చేశాక బొమ్మ రాకపోతే కంగారు పడే ముందు హెచ్‌డీఎంఐ వైరు ఎక్కడ గుచ్చారో చూడండి. బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి ఉండాలి. మా మేనల్లుడు ఆ ఒక్క దానికి గంటన్నర టెన్షన్ పడ్డాడు. బొమ్మ వచ్చాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. అది చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133 లేదా 2666 దగ్గరే కుంటుతూ ఉంటుంది. తర్వాత విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి మానిటర్ నిజంగా 100 హెర్ట్జ్ మీదే ఉందో చూడండి, చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది.

అట్టపెట్టెలు పారేయకండి. వారంటీ అయ్యేదాకా కార్డు పెట్టె, బోర్డు పెట్టె అటక మీద పెట్టండి. బిల్లుకి ఫొటో తీసి ఫోన్‌లో ఒకటి, ఇంకెవరిదైనా ఫోన్‌లో ఒకటి ఉంచండి. థర్మల్ కాగితం మీద అచ్చైన బిల్లు ఆర్నెల్లలో తెల్లబడిపోతుంది.